బ్రౌన్ లేడీ మెట్లు దిగిందా?

పాతకాలపు ఓక్ చెక్కతో చేసిన వెడల్పాటి మెట్లు. వాటి మధ్యలో ముసుగేసుకున్న ఓ ఆడమనిషి ఆకారం. ముఖం లేదు, కాళ్లు లేవు. వెనకున్న మెట్లు ఆమె ఒంట్లోంచి మసగ్గా కనిపిస్తున్నాయి. దెయ్యాల ఫొటోలన్నిటిలోకీ పేరుమోసిన వాటిలో ఇదొకటి. మీరూ ఎప్పుడో ఒకసారి చూసే ఉంటారు. ఏ వాట్సాప్ గ్రూపులోనో ‘ఒరిజినల్ దెయ్యం ఫొటో, ధైర్యముంటే చూడండి’ అని ఎవరో ఒకరు పంపే ఉంటారు.

అది ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ జిల్లాలో, రేనమ్ హాల్ అనే బంగళాలో తీసిన ఫొటో. 1619లో కట్టడం మొదలుపెట్టిన ఇల్లు. అప్పటినుంచీ టౌన్‌షెండ్ వంశం వాళ్లదే. మన దగ్గర జమీందారుగారి దివాణం ఎలాగో, అక్కడ ఇలాంటి పల్లెటూరి బంగళాలు అలాగ. చుట్టూ వాళ్ల భూములు, ఆ భూముల్లో కౌలురైతులు, ఇంటినిండా నౌకర్లు. ఇంత పాత ఇంటికి, ఇన్ని గదులున్న ఇంటికి ఒక్క దెయ్యమైనా లేకపోతే ఇంగ్లండ్‌లో పరువు తక్కువ!

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఫొటోలని సరిచేసే ప్రోగ్రాములు రాయడం నా ఉద్యోగం. మా టీమ్‌లో ‘ఘోస్ట్’ అనే మాట రోజుకి పదిసార్లు వినిపిస్తుంది. మీ ఫోన్లో హెచ్‌డీఆర్ అని ఉంటుంది కదా, అది పెట్టి ఫొటో తీస్తే ఫోన్ ఒకదాని వెంట ఒకటి మూడు నాలుగు ఫొటోలు తీస్తుంది. ఒకటి వెలుగెక్కువగా, ఒకటి తక్కువగా. తర్వాత అన్నిటినీ కలిపి ఒకే ఫొటో చేస్తుంది. ఈలోపు ఎవరైనా కదిలారనుకోండి, వాళ్లు సగం సగంగా పడతారు. వెనక గోడ వాళ్ల ఒంట్లోంచి కనిపిస్తుంది. దాన్నే మా భాషలో ‘ఘోస్టింగ్’ అంటాం. దాన్ని తీసేసే పని ‘డీఘోస్టింగ్’. అంటే కంపెనీ జీతమిచ్చి మరీ నాచేత దెయ్యాలు వదిలిస్తోందన్నమాట.

రేనమ్ హాల్ ఫొటో దగ్గరికి నేను ఈ పనిమీదే వెళ్లాను, దాని గుట్టేమిటో చూద్దామని. గుట్టు తొందరగానే దొరికింది. కానీ ఆ ఫొటో వెనకున్న ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు.

ఎవరీ ఆవిడ?

ఆమె పేరు డొరతీ వాల్‌పోల్. 1686లో పుట్టింది. ఆమె అన్న రాబర్ట్ వాల్‌పోల్. బ్రిటన్ మొట్టమొదటి ప్రధానమంత్రిగా చరిత్ర పుస్తకాలు చెప్పేది ఈయన్నే. 1713లో డొరతీకి చార్లెస్ టౌన్‌షెండ్ అనే ప్రభువుతో పెళ్లయింది. ఆయనకది రెండో పెళ్లి. మొదటి భార్య ఎలిజబెత్ 1711లో చనిపోయింది.

ఈ టౌన్‌షెండ్ ఎవరో తెలుసా? ఇంగ్లండ్ వ్యవసాయ విప్లవం గురించి చదివినవాళ్లకి ‘టర్నిప్ టౌన్‌షెండ్’ పేరు గుర్తుండొచ్చు. ఒకే చేలో గోధుమ, టర్నిప్ దుంప, బార్లీ, క్లోవర్ గడ్డి మార్చి మార్చి వేస్తే భూమిని బీడు పెట్టక్కర్లేదని ప్రచారం చేసినాయన. 1730లో బావమరిది వాల్‌పోల్‌తో చెడి మంత్రి పదవి వదిలేసి, రేనమ్‌కి వచ్చి సేద్యంలో పడ్డాడు.

ఆయనతో మనకి ఇంకో చుట్టరికం కూడా ఉంది. ఆయన మొదటి భార్య కూతురి కొడుకే లార్డ్ కార్న్‌వాలిస్. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టి జమీందార్లని స్థిరం చేసిన గవర్నర్ జనరల్. 1802 నుంచి అదే పద్ధతి మన ఉత్తర సర్కారు జిల్లాలకీ వచ్చింది. ఆ లెక్కన బ్రౌన్ లేడీ కార్న్‌వాలిస్‌కి సవతి అమ్మమ్మ అవుతుంది. మనవడు పుట్టకముందే ఆవిడ పోయిందనుకోండి.

డొరతీ 1726 మార్చి 29న చనిపోయింది. అప్పటికి నలభై ఏళ్లు దాటలేదు. పోయింది మశూచితో. ఆ రోగానికి రాజూ పేదా తేడా లేదు. మశూచి రాకుండా సూదితో అంటించే పద్ధతిని టర్కీలో చూసి, లేడీ మేరీ వర్ట్లీ మాంటేగ్ ఇంగ్లండ్‌కి తెచ్చింది 1721లో. జెన్నర్ టీకా రావడానికి ఇంకా 70 ఏళ్లు ఆగాలి.

రికార్డు ఇంతే. కథ మాత్రం వేరే.

జనం చెప్పుకున్న కథ

పెళ్లికి ముందు డొరతీకి లార్డ్ వార్టన్ అనే విలాసపురుషుడితో సంబంధం ఉండేదట. టౌన్‌షెండ్‌కి ముక్కుమీద కోపం. సంగతి తెలిసి భార్యని రేనమ్ హాల్లో గదుల్లో పెట్టి తాళం వేశాడట. కన్నపిల్లల్ని కూడా చూడనివ్వలేదట. ఆ దిగులుతోనే పోయిందని కొందరంటారు. మెట్ల మీంచి తోసేశారని ఇంకొందరంటారు. అప్పటినుంచీ గోధుమరంగు పట్టుగౌను వేసుకుని ఇల్లంతా తిరుగుతూ ఉంటుందట. అందుకే ‘బ్రౌన్ లేడీ’.

ఈ కథ మా అమ్మమ్మకి చెప్పాను. దెయ్యం గురించి ఏమైనా అంటుందేమో అని చూశాను. ఆవిడ తాపీగా తమలపాకు ఈనె తీస్తూ, “పాపం, అమ్మవారు పోసి పోయిందన్నమాట. మరి ఆ పిల్లలు ఎవరి దగ్గర పెరిగారే?” అంది. దెయ్యం ఉందా లేదా అని మాత్రం అడగనేలేదు.

చూశామన్నవాళ్లు

1835 క్రిస్మస్. రేనమ్ హాల్లో చుట్టాలు, స్నేహితులు చేరారు. కర్నల్ లాఫ్టస్ అనే అతిథి, ఇంకో స్నేహితుడు రాత్రి పడుకోబోతుంటే పాతకాలపు గోధుమరంగు బట్టల్లో ఒకామె కనిపించిందట. మర్నాడు రాత్రి లాఫ్టస్‌కి మళ్లీ ఎదురైందట. ఈసారి ముఖం మెరుస్తోంది కానీ కళ్లుండాల్సిన చోట చీకటి గుంటలున్నాయన్నాడు. ఇది విని నౌకర్లలో కొందరు పని మానేసి వెళ్లిపోయారని కూడా చెప్తారు.

మర్నాటి ఏడాది కెప్టెన్ ఫ్రెడరిక్ మారియట్ వచ్చాడు. నౌకాదళ అధికారి, మొదటి బర్మా యుద్ధంలో పనిచేసినవాడు, సముద్ర కథలు రాసి పేరు తెచ్చుకున్న నవలాకారుడు. ఇదంతా దొంగసరుకు దాచుకునేవాళ్లు జనాన్ని దూరంగా ఉంచడానికి ఆడే నాటకమని ఆయన అనుమానం. అందుకని ఆవిడ చిత్రపటం ఉన్న గదినే అడిగి పుచ్చుకున్నాడు. ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లతో నడవాలో వస్తుంటే అటువైపు నుంచి దీపం పట్టుకుని ఒకామె వస్తోంది. ముగ్గురూ ఒక తలుపు వెనక నక్కారు. దగ్గరికొచ్చాక పటంలో ఉన్నావిడే అని మారియట్ గుర్తుపట్టాడు. ఆమె దీపం ముఖం దగ్గరికెత్తి వికృతంగా నవ్విందట. ఈయన బయటికి దూకి పిస్తోలు పేల్చాడు. ఆకారం మాయం. గుండు ఎదురు తలుపులో దిగబడింది.

భలే కథ. వింటుంటే నాకూ ఒళ్లు జలదరించింది. కానీ మా పనిలో ఒక అలవాటుంది. ఏదైనా జరిగిందని రాసుంటే, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని మొదట చూస్తాం. ఈ పిస్తోలు కథ రాసింది మారియట్ కాదు, ఆయన కూతురు ఫ్లారెన్స్. ఆమె పుట్టింది 1833లో. అంటే పిస్తోలు పేలిన ఏడాదికి మూడేళ్ల పిల్ల. తండ్రి 1848లో పోయాడు. ఆత్మలతో మాట్లాడటం గురించి ఆమె వేసిన పుస్తకంలో ఈ సంగతి వచ్చింది 1891లో. సంఘటనకీ రాతకీ మధ్య 55 ఏళ్లు!

ఈ ఫ్లారెన్స్ మారియట్‌కీ మన దక్షిణాదికీ సంబంధముంది. ఆమె పెళ్లాడింది మద్రాసు సైన్యంలోని ఒక ఇంగ్లీషు అధికారిని. కొన్నేళ్లు ఇక్కడే కాపురముంది. ఆ అనుభవాల మీద 1868లో ఒక పుస్తకం వేసింది. దాని పేరేంటో తెలుసా? ‘గప్’. అవును, మనం ‘గప్పాలు కొట్టకు’ అంటామే, ఆ గప్పే!

ఆ తర్వాత 1926లో, అంటే డొరతీ పోయిన సరిగ్గా 200 ఏళ్లకి, తన కొడుకూ అతని స్నేహితుడూ మెట్ల మీద ఆమెని చూశారని అప్పటి లేడీ టౌన్‌షెండ్ చెప్పింది.

ఫొటో గుట్టు

1936 సెప్టెంబరు 19, సాయంత్రం నాలుగు గంటలు. కెప్టెన్ ప్రొవాండ్, ఇండ్రె షిరా అనే ఇద్దరు ఫొటోగ్రాఫర్లు రేనమ్ హాల్ ఫొటోలు తీస్తున్నారు. మెట్లని అప్పటికే ఒకసారి తీశారు. రెండోదానికి ప్రొవాండ్ నల్లగుడ్డ కింద తలపెట్టి కెమెరా సరిచేసుకుంటున్నాడు. ఇంతలో షిరాకి మెట్లు దిగుతున్న పొగలాంటి ఆకారం కనిపించిందట. కేకేశాడు. ప్రొవాండ్ లెన్సు మూత తీశాడు, షిరా ఫ్లాష్ నొక్కాడు. ప్రొవాండ్ మాత్రం ఏమీ చూడలేదన్నాడు. కడిగిన తర్వాత నెగటివ్‌లో ఆమె ఉంది. డిసెంబరు 26న ‘కంట్రీ లైఫ్’ పత్రికలో, జనవరిలో అమెరికాలోని ‘లైఫ్’లో ఆ ఫొటో అచ్చయింది. దెయ్యాల మీద పరిశోధనకి పేరుబడ్డ హ్యారీ ప్రైస్ వాళ్లిద్దరినీ ప్రశ్నించాడు. ఇద్దరి మాటల్లో ఎక్కడా తేడా దొరకలేదన్నాడు.

మాటల్లో తేడా లేకపోవచ్చు. ఫొటోలో ఉంది. ఈసారి ఆ ఫొటో దొరికితే పెద్దది చేసి చూడండి. దెయ్యాన్ని కాదు, మెట్లని చూడండి. ఒక్కో మెట్టు అంచు పైన పల్చటి తెల్లగీత ఉంటుంది. కుడిపక్క రెయిలింగ్ పైకొసన మెరుపు మచ్చ ఒకటి కాదు, రెండుంటాయి. ఈ సంగతి చాలాకాలం కిందటే కొందరు పరిశీలకులు పట్టుకున్నారు. అంటే అది ఒక ఫొటో కాదు, ఒకదాని మీద ఒకటి పడ్డ రెండు ఫొటోలు. దెయ్యం ఒక్కటే మసగ్గా పడుంటే ఆలోచించాలి. ఇక్కడ మెట్లు కూడా రెండుసార్లు పడ్డాయి. మెట్లకి దెయ్యాలుండవు కదా!

ఇది కావాలని చేసి ఉండొచ్చు, పొరపాటునా జరిగి ఉండొచ్చు. ఆ రోజుల్లో మూత తీసినంతసేపూ కెమెరాలోకి వెలుతురు పోతూనే ఉంటుంది. మధ్యలో ఫ్లాష్ వెలుగుతుంది. ఆ కాసేపట్లో కెమెరా వెంట్రుకవాసి కదిలినా మెట్ల అంచులు రెండుగా పడతాయి. మధ్యలో ఉన్న ఆ తెల్లటి ఆకారానికి లెన్సు మీద జిడ్డు, లోపలికి కారిన వెలుతురు, ముందే తీసిన ఏదో బొమ్మ... ఇలా రకరకాల కారణాలు చెప్పారు. వీటిలో ఏదైనా సరే, 1936లో మామూలు జనానికి ‘కెమెరా అబద్ధం చెప్పదు’ అన్న నమ్మకం గట్టిది.

తేదీలు కూడా చూడండి. ఫొటో అచ్చయింది క్రిస్మస్ మర్నాడు. మొదటి దర్శనం కూడా 1835 క్రిస్మస్‌కే. మనకి నడి వేసవి సెలవుల్లో మేడమీద పడుకుని దెయ్యాల కథలు చెప్పుకోవడం ఎలాగో, ఇంగ్లండ్‌లో క్రిస్మస్ రాత్రుల్లో నిప్పుగూడు దగ్గర చెప్పుకోవడం అలాగ. పైగా ఆ 1936లోనే లేడీ టౌన్‌షెండ్ ఇంకొకామెతో కలిసి దెయ్యాల కథల పుస్తకం వేసింది.

తాళం కథ ఎందుకు పుట్టింది?

ఇక్కడితో ఆగిపోవచ్చు. ఫొటో తేలిపోయింది, పిస్తోలు కథ 55 ఏళ్ల తర్వాతది. కానీ నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. డొరతీ మశూచితో పోయింది కదా, జనం ఆమె కథలో తాళం ఎందుకు పెట్టారు? మశూచి దెయ్యం అనొచ్చుగా?

సమాధానం దెయ్యాల పుస్తకాల్లో దొరకలేదు, కోర్టు తీర్పుల్లో దొరికింది. ఆ కాలపు ఇంగ్లండ్ చట్టం ప్రకారం పెళ్లయ్యాక భార్యాభర్తలిద్దరూ ఒకే మనిషి, ఆ మనిషి భర్త. ఆస్తి ఆయనది, పిల్లలు ఆయనవాళ్లు. భార్య పారిపోతుందనుకుంటే ఇంట్లో కట్టడి చేసే హక్కు కూడా ఆయనకుంది. ఇది కథ కాదు. 1840లో కాక్రేన్ కేసులో, భర్తని వదిలి పారిస్‌లో తల్లి దగ్గరుంటున్న భార్యని ఆయన ఏదో మాయచేసి రప్పించి నిర్బంధించాడు. ఆమె విడిపించమని కోర్టుకెళ్లింది. కోర్టు భర్త పక్షానే తీర్పిచ్చింది. లాఫ్టస్‌కి బ్రౌన్ లేడీ కనిపించిన ఐదేళ్లకి!

అంటే 1835లో రేనమ్ హాల్లో రాత్రి కబుర్లు వింటున్న ఆడవాళ్లకి, అంట్లు తోముతున్న పనమ్మాయిలకి, ‘భర్త తాళం వేశాడు’ అన్న మాట పిట్టకథ కాదు. జరగగలిగేదే. అడిగే దిక్కు లేనిదే. బతికున్న భార్య గురించి పైకి అనలేని మాటని, వందేళ్ల కిందట పోయినావిడ మీద పెట్టి అనుకోవచ్చు. దెయ్యానికి ఏ భర్త మీదా ఫిర్యాదు చేసే భయముండదు కదా.

ఈ హక్కు ఎప్పుడు పోయిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1891 మార్చిలో. క్లిథరో అనే ఊళ్లో ఎమిలీ జాక్సన్ అనే ఆమె ఆదివారం చర్చి నుంచి బయటికొస్తుంటే, ఆమె భర్త మనుషుల్ని తెచ్చి బండిలో ఎక్కించుకుపోయి ఇంట్లో పెట్టి కాపలా కాశాడు. ఆమె తరఫువాళ్లు కోర్టుకెక్కారు. భార్యని బంధించే హక్కు భర్తకి లేదని అప్పీలు కోర్టు చెప్పి ఆమెని విడిపించింది. సరిగ్గా ఆ ఏడాదే ఫ్లారెన్స్ మారియట్ తన పుస్తకంలో దీపం పట్టుకుని నడవాలో తిరిగే బ్రౌన్ లేడీ గురించి రాసింది. ఆమె మొదటి పెళ్లి కూడా అప్పటికే విడాకులతో ముగిసింది.

మన ఇంటికీ వచ్చింది

‘ఇదంతా దొరల ఇళ్ల గొడవ, మనకెందుకు’ అంటారేమో. ఆ చట్టం ఓడెక్కి మన దగ్గరికీ వచ్చింది. విడిగా ఉంటున్న భార్యని కాపురానికి రమ్మని కోర్టు చేత ఆదేశం ఇప్పించుకునే పద్ధతి మన ధర్మశాస్త్రాల్లోది కాదు, ఇంగ్లండ్ చర్చి కోర్టులది. 1887లో బొంబాయి హైకోర్టు రుఖ్మాబాయికి చెప్పింది ఇదే: కాపురానికి వెళ్లు, లేదా జైలుకి వెళ్లు. చిన్నప్పుడు చేసిన పెళ్లి అది. జైలుకే వెళ్తానంది ఆవిడ. చివరికి రాజీ కుదిరింది. తర్వాత లండన్ వెళ్లి చదివి డాక్టరైంది.

ఆ పద్ధతే 1955 హిందూ వివాహ చట్టంలో 9వ సెక్షన్. ఇప్పుడు భార్యా అడగొచ్చు, భర్తా అడగొచ్చు. పోలీసులొచ్చి లాక్కెళ్లరు. కానీ ఆదేశం పాటించకపోతే ఆస్తి జప్తు దాకా పోవచ్చు. 1983లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులోనే జస్టిస్ పి.ఎ. చౌదరి ఈ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. మనసు లేని కాపురానికి మనిషిని బలవంతం చేయడం ఆమె గౌరవానికి భంగమని ఆ తీర్పు సారాంశం. మర్నాటి ఏడాది, 1984లో, సుప్రీంకోర్టు ఇంకో కేసులో ఆ వాదన ఒప్పుకోలేదు. సెక్షన్ నిలిచింది. దాన్ని మనకి అంటగట్టిన ఇంగ్లండ్ మాత్రం 1970లోనే చట్టం చేసి తన దగ్గర తీసేసుకుంది.

డొరతీని నిజంగా గదిలో పెట్టారా? రికార్డు చెప్పేది మశూచి అని మాత్రమే. దెయ్యమై తిరుగుతోందా? ఆ ఫొటో చూసి అయితే నేను నమ్మను. కానీ ఆమె చుట్టూ అల్లిన కథలో ఉన్న తాళం మాత్రం నిజమైనది. అది వందల ఏళ్లు చట్టం చేతిలోనే ఉంది.

ఈసారి మీ గ్రూపులో ఎవరైనా ఆ ఫొటో పెడితే భయపడకండి, పెద్దది చేసి మెట్ల అంచులు చూడమనండి. చూశాక, ఆమె పేరు డొరతీ అని, నలభై ఏళ్లు దాటకుండా మశూచితో పోయిందని కూడా చెప్పండి. వీలైతే మా అమ్మమ్మ అడిగిన ప్రశ్న కూడా అడగండి.